ఆవకాయ సీసా, అసోర్ద గిన్నె

"ఫాదర్, ఈ మనుషులకు తినడం ఎలా నేర్పాలో మీరే చెప్పండి. ఇక నా వల్ల కాదు."

బ్రదర్ ఫౌస్తీను తలుపు తట్టకుండానే గురువు గదిలోకి వచ్చేశాడు. చేతిలో గరిటె కూడా అలాగే ఉంది. ఫాదర్ ఒనోఫ్రె కిటికీ దగ్గర కూర్చుని తెగిన చెప్పు కుట్టుకుంటున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"ఏ మనుషులకు?"

"ఒకళ్ళనేమిటి, వచ్చే ప్రతివాళ్ళకూ!"

వాళ్ళది పోర్చుగల్ దక్షిణాన, ఎండకు మాడే మైదానాల మధ్య ఉన్న పాత మఠం. ఆ దారిన కాలినడకన దేశం చూసే బాటసారులు సాయంత్రానికి అక్కడ ఆగుతారు. వాళ్ళకు పడకా, ఒక పూట భోజనమూ మఠమే ఇస్తుంది. వంటిల్లు ఫౌస్తీనుది. సన్యాసం పుచ్చుకోక ముందు లిస్బన్‌లో పెద్ద హోటల్లో వంటవాడు. చెయ్యి బంగారం, అందులో అనుమానం లేదు. తన దేశపు వంటంటే ప్రాణం పెడతాడు. పరాయి దేశం నుంచి వచ్చినవాళ్ళు దారిలో దొరికే పిచ్చి తిళ్ళు తిని వెళ్ళిపోకూడదని, అసలు రుచులు వాళ్ళ నాలుక మీద పెట్టి పంపాలని అతని పట్టుదల.

ఆ పట్టుదలతోనే వచ్చింది గొడవంతా.

"మొన్న ఒకావిడకు కాల్దు వెర్ద్ సూపు పెట్టాను. ఆకుకూర దారాల్లా తరిగి, బంగాళాదుంప మెత్తగా మెదిపి, ఎంత ఓపిగ్గా చేశాను! ఆవిడ అందులో టమాటా సాస్ పిండుకుంది ఫాదర్. నా కళ్ళ ముందే! అంతకు ముందు ఒకడు గుడ్డు పచ్చసొన మిఠాయి ముందు పెట్టుకుని ఫోటోలు తీస్తూ కూర్చున్నాడు. ఆ మిఠాయి పుట్టుక చెబుదామని నోరు తెరిచాను. పూర్వం మఠాల్లో బట్టల గంజికి తెల్లసొన వాడేవాళ్ళు, మిగిలిన పచ్చసొనతో ఇవి చేసేవాళ్ళు అని. ఆవలించాడు!"

"ఊఁ" అన్నాడు ఒనోఫ్రె. సూది దారం చెప్పులోంచి ఇవతలికి లాగాడు.

"ఇక నిన్న వచ్చినాయన సంగతి మీరు వినే ఉంటారు."

వినకేం, మఠమంతా విన్నది. నిన్న సాయంత్రం వచ్చినాయన పేరు మేడిశెట్టి వీర్రాజు. ఊరు కాకినాడ. ఓడల ఇంజను గదుల్లో ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఓడ దిగిన దేశాలన్నీ రేవుల దగ్గరే చూశాను గదా, ఒక్కటైనా లోపలికంటా నడిచి చూద్దామని బయల్దేరాడు. రేవుల్లో నేర్చుకున్న పోర్చుగీసు నాలుగు ముక్కలు బాగానే వచ్చు. ఫౌస్తీను ఆయనకు బకల్యావు పెట్టాడు. అంటే ఎండబెట్టిన ఉప్పుచేప. పూట పూటకూ నీళ్ళు మారుస్తూ ఉప్పు దిగేదాకా నానబెట్టి, ఆలివ్ నూనెలో వండుతారు. ఆ దేశంలో పండగైనా పస్తైనా అదే.

వీర్రాజు ప్లేటు ముందుకు లాక్కుని, సంచిలోంచి ఒక సీసా తీశాడు. మూత తిప్పాడు. ఘాటు గదంతా కమ్ముకుంది. ఆవకాయ ముక్క ఒకటి తీసి, నూనె కారుతుండగా సరిగ్గా ఆ తెల్లటి చేప మీద పెట్టబోయాడు.

ఫౌస్తీను చటుక్కున ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

పట్టుకుని ఊరుకున్నాడా, సీసా లాక్కుని పొయ్యి పై అరలో పెట్టాడు. ముందు వాసన చూడాలని, తర్వాత నూనె అద్దుకోవాలని, ఆ తర్వాతే చేప నోట్లో పెట్టుకోవాలని మొదలుపెట్టి, ఆ చేప ఏ చలి సముద్రంలోంచి వస్తుందో చెప్పేదాకా వచ్చాడు. వీర్రాజు ప్లేటు అవతలికి తోశాడు. మొహం జేవురించింది.

"తినే కాడ చెయ్యి పట్టుకుంటారేటండీ? ఎక్కడన్నా ఉందా ఈ ఇడ్డూరం!" అని తన భాషలోనే అరిచి, సంచి భుజానేసుకుని చీకటి పడకముందే బయటికి నడిచాడు. ఆ అరుపు ఫౌస్తీనుకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ భావం పూర్తిగా తెలిసింది.

పాపం, ఆయన పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు. ఊరి పొలిమేరలో కళ్ళు తిరిగి కూలబడ్డాడు. ట్రాక్టరు మీద వెళ్ళే రైతు చూసి తన ఇంటికి తీసుకుపోయాడు. తెల్లారేసరికి కబురు మఠాధిపతి చెవిన పడింది. ఆయన ఫౌస్తీనును పిలిచి రెండే మాటలు చెప్పాడు. ఇంకొక్క మనిషి ఆ బల్ల దగ్గర్నుంచి ఆకలితో లేచాడని వింటే వంటిల్లు మూసేస్తాను. నువ్వు తేనెపెట్టెల దగ్గరికి పోదువుగాని.

వంటిల్లు పోతే ఫౌస్తీనుకు ఇంకేం మిగలదు. అతని ప్రార్థనా, పశ్చాత్తాపమూ అన్నీ ఆ పొయ్యి దగ్గరే. పైగా తేనెటీగలంటే చచ్చే భయం.

"చెప్పండి ఫాదర్" అన్నాడు. "తప్పు నాదా? మంచి తిండిని మంచిగా తినమనడం తప్పా?"

ఒనోఫ్రె దారం పంటితో కొరికి, చెప్పు ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు.

"ఈ ఏడు నువ్వు దారి నడిచావా?"

ఫౌస్తీను చేతిలోని గరిటె వంక చూసుకున్నాడు.

ఆ మఠంలో ఒక ఆచారం ఉంది. బాటసారులకు వండేవాడు ఏడాదికొకసారి తనూ ఆ బాట నడవాలి. పొద్దున ఖాళీ కడుపుతో బయల్దేరి, గుట్ట మీది చిన్న ప్రార్థనా మందిరంలో గంట మోగించి, పొద్దువాలేసరికి తిరిగి రావాలి. దారిలో ఏమీ తినకూడదు. ఫౌస్తీను వచ్చిన దగ్గర్నుంచీ ఏ ఏడూ నడవలేదు. అడిగినప్పుడల్లా ఒకటే సాకు. ఉప్పుచేప నానుతోంది, నేను పోతే నీళ్ళు ఎవరు మారుస్తారు?

"ఉప్పుచేప నానుతోంది ఫాదర్..."

"నీళ్ళు నేను మారుస్తాలే" అన్నాడు ఒనోఫ్రె, కుట్టిన చెప్పుల జత అతని ముందు పెడుతూ. అవి ఫౌస్తీను చెప్పులే. వాడక అటక మీద పడి, వార్లు తెగిపోయినవి.

మర్నాడు పొద్దున్నే ఫౌస్తీను సణుక్కుంటూ బయల్దేరాడు. నేనొకటి అడిగితే ఈయనొకటి చెబుతాడు. జవాబు తెలియకపోతే తెలియదనవచ్చుగా, ఈ ఎండలో నన్ను తిప్పడమెందుకు? గుట్ట ఎక్కేదాకా గురువును తిట్టుకున్నాడు. గంట మోగించాక మఠాధిపతిని తిట్టుకున్నాడు. దిగేటప్పుడు కాకినాడ ఆయన్ని, ఆయన సీసాని తిట్టుకున్నాడు. సగం దూరం వచ్చేసరికి తిట్టుకునే ఓపిక కూడా పోయింది. మడమలు బొబ్బలెక్కాయి. కడుపులో ఎలుకలు పరిగెత్తుతున్నాయి. దారి పక్క ఇంట్లో ఎవరో ఉల్లిపాయలు వేయిస్తుంటే ఆ వాసనకు కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. సిగ్గేసి మళ్ళీ నడిచాడు.

పొద్దువాలే వేళకు మఠం చేరాడు. అలవాటుగా వంటింటి గుమ్మం వైపు పోయాడు. గడియ వేసి ఉంది. ఒళ్ళు మండింది. కుంటుకుంటూ చుట్టూ తిరిగి బాటసారుల తలుపు తట్టాడు.

ఒనోఫ్రె తలుపు తీశాడు. భుజాన తువ్వాలు ఉంది.

"రండి రండి. చాలా దూరం నడిచొచ్చినట్టున్నారు. కూర్చోండి."

"ఫాదర్, నేను..."

"కూర్చోండి బాబూ, వడ్డిస్తాను."

ఫౌస్తీను బల్ల దగ్గర కూలబడ్డాడు. ఒనోఫ్రె గిన్నెలో రొట్టె తుంచి వేశాడు. రోట్లో నూరింది తీసి పైన వేశాడు. ఆలివ్ నూనె పోశాడు. గుడ్డు పగలగొట్టి వేడినీళ్ళలో ఉడికించి, ఆ గుడ్డునూ మరిగే ఆ నీళ్ళనూ రొట్టె మీద పోశాడు. అసోర్ద. పేదవాళ్ళ రొట్టె పులుసు. గిన్నె ముందు పెట్టి, చెంచా పెట్టి, ఇక అతనెవరో తనెవరో అన్నట్టు పొయ్యి వైపు తిరిగి గిన్నెలు తోముకోవడం మొదలుపెట్టాడు.

అసోర్ద తినడానికి ఫౌస్తీను దగ్గర పెద్ద శాస్త్రమే ఉంది. ముందు రెండు చెంచాల రసం తాగాలి. తర్వాత రొట్టె అంచులు. గుడ్డు చివరికి. ఈ క్రమం తప్పినవాళ్ళను అతను ఊరికే వదిలిపెట్టింది లేదు. కొత్తిమీర గురించైతే చెప్పనే అక్కర్లేదు. ఉప్పూ వెల్లుల్లితో కలిపి పచ్చగా నూరిన కొత్తిమీర లేకపోతే అది అసోర్దే కాదు, కుడితి అంటాడు.

ఇప్పుడు మొదటి చెంచాతోనే గుడ్డు చితికిపోయింది. నోరు కాలినా ఆగలేదు. రొట్టె ముక్కలు చేత్తో తీసుకున్నాడు. గడ్డం మీదికి కారినదాన్ని అంగీ చేతికి తుడుచుకున్నాడు. అడుగున మిగిలిన రసం గిన్నె ఎత్తుకుని తాగేశాడు. తాగి, కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలాడు. అప్పటికి అతనికి ఆ గది, ఆ దీపం, గురువు వీపు మళ్ళీ కనిపించాయి.

"ఎలా ఉంది?" ఒనోఫ్రె తిరగకుండానే అడిగాడు.

"ఇంత మంచి అసోర్ద నేను ఎప్పుడూ తినలేదు ఫాదర్."

"ఆకు ఎలా కుదిరింది?"

"కొత్తిమీరా? బ్రహ్మాండం! లేతగా..."

ఒనోఫ్రె రోలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. అందులో తెల్లగా వెల్లుల్లి, ఉప్పు. అంతే. పచ్చదనం అన్నది ఎక్కడా లేదు.

"పెరట్లోకి పోయి కోసుకురావడం మరిచిపోయాను" అన్నాడు ఒనోఫ్రె.

ఫౌస్తీను రోలు వంక చూశాడు. ఖాళీ గిన్నె వంక చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. అంతలో తలుపు చప్పుడైంది.

గుమ్మంలో వీర్రాజు. బొబ్బలెక్కిన పాదానికి గుడ్డ కట్టు, చేతిలో కర్ర. మొహం ఇంకా బిగుసుకునే ఉంది. ఈసారి పోర్చుగీసులోనే అన్నాడు.

"భోజనానికి రాలేదండి. నా సీసా ఇచ్చేయండి, పోతాను. మా ఆవిడ చేత్తో పెట్టిందది. దారెమ్మట అదొక్కటే నాకు ఇల్లు."

ఫౌస్తీను లేచాడు. బొబ్బలు భగ్గుమన్నాయి. ఆయన కాలి కట్టు వంక ఒక్క క్షణం చూశాడు. అర మీంచి సీసా దించాడు. అంచుకు కారిన ఎర్ర నూనె తువ్వాలుతో తుడిచాడు. తుడిచి, ఆయన చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి, కుర్చీ ఇవతలికి లాగాడు.

"కూర్చోండి. మీరు కూడా నడిచొచ్చారు."

వీర్రాజు అనుమానంగా కూర్చున్నాడు. ఒక చెయ్యి సీసా మీదే ఉంచుకున్నాడు. ఫౌస్తీను పెరట్లోకి పోయి కొత్తిమీర కోసుకొచ్చాడు. నూరాడు, రొట్టె తుంచాడు, మరిగే నీళ్ళు పోశాడు. పచ్చగా పొగలు కక్కుతున్న గిన్నె ఆయన ముందు పెట్టాడు. పక్కన ఇంకో చిన్న చెంచా పెట్టాడు, సీసా కోసం.

వీర్రాజు అతని మొహం చూస్తూనే మూత తిప్పాడు. ఎర్రటి ముక్క ఒకటి తీసి గిన్నె మీద పట్టుకుని ఆగాడు. ఫౌస్తీను చేతులు రెండూ అంగీ చేతుల్లోకి దోపుకున్నాడు. ముక్క పచ్చటి రసంలో పడింది. ఎర్ర నూనె చుట్టూ పాకింది.

వీర్రాజు ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. కనుబొమలు పైకి లేచాయి.

"బాగుందండోయ్! ఏంటండీ ఇది? ఏమంటారు దీన్ని? ఎలా చేస్తారు?"

ఇన్నేళ్ళలో ఆ బల్ల దగ్గర కూర్చున్నవాడెవడూ ఫౌస్తీనును ఆ ప్రశ్న అడగలేదు. ఎవరైనా అడగాలని అతను ఎంత తపించాడో అతనికే తెలుసు. నోరు తెరిచాడు. పొయ్యి దగ్గర గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"ముందు తినండి" అన్నాడు ఫౌస్తీను. "చల్లారిపోతుంది."