కుంభవర్మ గారి ఇత్తడి గొట్టం

ఒకానొక రాజ్యంలో, పన్నులకు కొదవలేని రాజ్యమే లెండి, కుంభవర్మ అనే రాజు ఉండేవాడు. పన్నుల కచేరీ గోడకు ఆయన ఒక ఇత్తడి గొట్టం పెట్టించాడు. బయటివాళ్లు అందులో సందేహం అడగాలి, లోపలి గుమాస్తా అందులోంచే జవాబు చెప్పాలి. అంతకంటే గొప్ప ఏర్పాటు భూమ్మీద లేదని రాజుగారి నమ్మకం.

జనానికి పన్ను పత్రాలు రాసిపెట్టడం నా వృత్తి. పక్క అరుగు మీద గవరయ్యదీ అదే పని. నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది, వాడిది కోడి గెలికినట్టుంటుంది. అయినా జనం వాడి దగ్గరికే పోయేవారు. చూసి చూసి నాకు కడుపు మండిపోయేది.

ఒకరోజు సాలె నాంచారమ్మ ఏడుస్తూ వాడి దగ్గరికే వచ్చింది. మొగుడు పోయాడు. పోయినవాడి మగ్గానికి పన్ను ఉందో లేదో తేలి, సాయంత్రంలోగా పత్రం చేరకపోతే భటులు మగ్గం పట్టుకుపోతారు. గవరయ్య పొద్దుటినుంచీ గొట్టం దగ్గరే నిలబడ్డాడు. గుమాస్తా "మీ సందేహం ఏలినవారికి ఎంతో ముఖ్యం, కాస్త ఆగండి" అనడం, లోపల సన్నాయి ఊదడం, అంతే. చివరికి వాడు విసిగి, "దీనికంటే గోడతో మాట్లాడుకోవడం నయం" అన్నాడు.

సందు దొరికిందని నేను పరుగున వెళ్లి ఆ మాట రాజుగారి చెవిన వేశాను. దాపరికమెందుకు, ఓర్వలేకే వేశాను.

రాజు రుసరుసలాడుతూ కచేరీకి వచ్చాడు. "ఏమిరా, నా గొట్టాన్నే ఆడిపోసుకుంటావా? తప్పు దానిదని రుజువు చెయ్యి. లేదా గంటం ఇక్కడ పడేసి పొలిమేర దాటు!"

గవరయ్య చేతులు కట్టుకున్నాడు. "నాబోటివాడి గొంతు దానికి ఆనడం లేదేమో మహాప్రభూ. నాంచారమ్మ తరఫున తమరే ఒక్కమాట అడిగి చూడండి."

రాజు మీసం దువ్వి అడిగాడు. అరుగు మీది నీడ వీధిలోకి జరిగేదాకా సన్నాయే. తరవాత గుమాస్తా గొంతు వినబడింది.

"ఎవరి తరఫున?"

"నాంచారమ్మ తరఫున."

"ఆవిడ వేలిముద్ర పత్రం తెచ్చారా? ఇతరుల తరఫున అడిగేవాళ్లు తేవాలి."

"ఓరీ, నేను మహారాజును!"

"పొద్దుటినుంచీ మీరు నాలుగో మహారాజు. పత్రం తెచ్చుకుని మళ్లీ వరసలో నిలబడండి."

మళ్లీ సన్నాయి.

గవరయ్య చంకలోని వేలిముద్ర పత్రం తీసి రాజుకు అందించాడు. "ఈ రాజ్యంలో తమ మాట చెల్లని చోటు ఇదొక్కటే ప్రభూ. అదీ తమరు కట్టించిందే."

రాజు ముఖం ఎర్రబడింది. అంతలోనే పొట్ట పట్టుకుని నవ్వాడు. "పోయినవాడి మగ్గానికి పన్నేమిటి, వదిలెయ్యండి!" అన్నాడు. తన శాలువా తీసి గవరయ్యకు కప్పాడు. గొట్టం పీకించి అక్కడ తలుపు పెట్టించి, సందేహాలు తీర్చడానికి వాణ్ణే కూర్చోబెట్టాడు.

మర్నాడు నాకే ఒక సందేహం వచ్చింది. తల దించుకుని వరస చివర నిలబడ్డాను. గవరయ్య పేరు పెట్టి పిలిచి, అందరికంటే ముందు నాకే జవాబు చెప్పాడు. చాడీ చెప్పింది నేనని వాడికి తెలుసు. తెలిసి కూడా ఒక్క మాట అనలేదు. అక్కడే నా కడుపుమంట రెట్టింపైంది.