నూకాలు చితుకులు, తవిటయ్య తూకం

కొండ కింద వాగు పక్కన జంతువుల సంత. పులి అటు రాదు, దానికి వండుకు తినే ఓపిక లేదు. మిగతా అందరికీ పొయ్యిలున్నాయి కాబట్టి, పొయ్యి ముట్టించే చితుకులకి మంచి గిరాకీ.

అవి అమ్మేది నూకాలు అనే మేక. దాని పెట్టుబడల్లా ఆకలే. కొమ్మ తెచ్చుకుని ఆకంతా తినేస్తుంది. మిగిలిన పుల్లల్ని కింద గాలాడేలా రాళ్ళ మీద పరిచి ఎండబెడుతుంది. విరిస్తే టప్పుమనాలి, వంగిందంటే మళ్ళీ ఎండలోకే. ఎండినవాటిని కట్టలు కట్టి, కొమ్ముతో నార లాగి ముడి బిగిస్తుంది. ఆ ముడి ఇంకెవరికీ రాదు. సంతలో ముడి చూసే కొంటారు.

మోసేది సింహాద్రి అనే గాడిద. ఆ పేరు పెట్టినవాళ్ళకి చూపు తక్కువో, ఆశ ఎక్కువో తెలీదు.

ఈ ఇద్దరి మధ్యకి తవిటయ్య అనే నక్క వచ్చాడు.

"చెల్లెమ్మా, నీకు చెయ్యడం వచ్చు, అమ్మడం రాదు. కట్ట లెక్కన ఇస్తావేంటి అమాయకంగా? తూకానికి ఇవ్వాలి."

"మరి నువ్వేం చేస్తావన్నా?"

"మాట్లాడతాను."

"అదీ ఒక పనేనా?"

"అన్ని పనుల్లోకీ పెద్దది అదే. ఇప్పుడు నువ్వు వింటున్నావు కదా, చూడు."

సంతలో గొంతు చించుకోవడం నూకాలుకి ఎప్పుడూ విసుగే. సరేనంది. అప్పట్నుంచి కట్టడం మేకది, మోత గాడిదది, మాట నక్కది.

కొన్ని సంతలు గడిచాయి. ఒక పొద్దున బజ్జీల కొట్టు పోలమ్మ రొప్పుకుంటూ కొండెక్కి వచ్చింది. ఎలుగుబంటి కాబట్టి ఒంటికి మసి పట్టినా తెలియలేదు గానీ, కళ్ళు మాత్రం మిరపపళ్ళలా ఉన్నాయి.

"ఏమే నూకాలూ! నన్ను బజ్జీలు వెయ్యమంటావా, దోమలకి పొగ పెట్టుకోమంటావా?"

"ఏమైందక్కా?"

"తవిటయ్య ముట్టించి చూపించిన కట్ట భగ్గుమంది. వాడటు పోయాక ఏ కట్ట పెట్టినా పొగే. పందులు సగం తిన్న బజ్జీలు వదిలేసి దగ్గుకుంటూ లేచిపోయాయి. పంది తిండి వదిలేసిందంటే ఆలోచించు!"

"పచ్చివి నేను కట్టనక్కా."

"ముడి నీదా, కాదా?"

"నాదే."

"అయితే విను. ఈ సంతలో మళ్ళీ పొగ వచ్చిందా, నీ ముడి ఉన్న పుల్ల సంతలో ఎవరూ ముట్టుకోరు. నేను ముట్టనివ్వను."

పోలమ్మ మాటంటే సంత మాట. చితుకులు అమ్ముడుపోకపోతే నూకాలు ఉంటున్న పాక పోతుంది. పాక గలాయన తాబేలు. సొంత ఇల్లు వీపు మీదే ఉన్నా అద్దె మాత్రం వదలడు. పైన మబ్బులు చూస్తే వాన రేపోమాపో అన్నట్టున్నాయి.

నూకాలు గాడిద దగ్గరికి వెళ్ళింది. "ఒరే సింహాద్రీ, దారిలో ఏం జరుగుతోందిరా?"

"ఏం జరుగుతుంది? తవిటయ్య బాబు ధర్మాత్ముడు," అన్నాడు గాడిద. "ఎండకి మాడిపోతున్నానని సంతకెళ్ళినప్పుడల్లా వాగులో కూర్చోబెడతాడు. నడుం దాకా చల్లగా, హాయిగా ఉంటుంది."

"మోపుతో సహానా?"

"మోపుతో సహానే. లేచాక బరువు రెట్టింపవుతుందనుకో. స్నానం చేస్తే నీరసం వస్తుంది కదా!"

"అన్ని కట్టలూ తడుస్తాయా?"

"ఒకటి తడవదు. దాన్ని నా మెడకి కట్టి, ముడిలో రావాకు గుచ్చుతాడు. అలంకారమనుకున్నాను."

నూకాలుకి అంతా అర్థమైంది. ఆ సంతలో ఒక పద్ధతుంది. చితుకులు అమ్మినవాడే మోపులోంచి ఒక కట్ట తీసి, కొన్నవాళ్ళ పొయ్యి ముట్టించి చూపాలి. మంట లేస్తేనే బేరం. తవిటయ్య ఆ ఒక్క కట్టనే పొడిగా ఉంచుకుని, మిగతావి నీళ్ళతో తూచి అమ్ముతున్నాడు.

"నువ్వేం అనకు. ఎప్పట్లాగే స్నానం చెయ్యి," అంది.

సంత రోజున సింహాద్రి మోపు దించాడు. మెడలోదానితో సహా కట్టలన్నీ కలిసిపోయి కుప్పగా పడ్డాయి. తవిటయ్య అరుగెక్కి, తోక ఊపుతూ చితుకుల గొప్ప చెబుతున్నాడు. నూకాలు కుప్ప చుట్టూ ఒకసారి తిరిగింది. లేత రావాకు. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు కూడా.

"తవిటయ్యా, రా, ముట్టించు," అని పిలిచింది పోలమ్మ. చుట్టూ జనం చేరారు. పందులు కాస్త దూరంగా నిలబడ్డాయి.

తవిటయ్య దర్జాగా కుప్ప దగ్గరికి వచ్చాడు. ఆకు కోసం చూశాడు. ఇటు చూశాడు, అటు చూశాడు, కిందికి వంగి చూశాడు.

"ఏం వెతుకుతున్నావన్నా?" అంది నూకాలు నములుతూ.

"ఏం... ఏం లేదు చెల్లెమ్మా. మంచి కట్ట చూద్దామని."

"అన్నీ మంచివే అన్నావుగా ఇప్పటిదాకా!" అంది పోలమ్మ.

ఒక కట్ట ఎత్తాడు. బరువే. ఇంకోటి ఎత్తాడు. అదీ బరువే. పుట్టి బుద్ధెరిగి ఏదీ ఎత్తని ఒళ్ళు, దానికి ఈకైనా బండరాయే. చివరికి కళ్ళు మూసుకుని ఒకటి లాగి పొయ్యిలో పెట్టాడు. ఊదాడు. పొగ. ఇంకా ఊదాడు. ఇంకా పొగ. మీసాలు మాడాయి, ముక్కు కారింది, పుల్లల చివర్నుంచి నీళ్ళు నురగలా పొంగి చుంయిమన్నాయి.

"ఎండిన పుల్లకి చెమట పడుతుందేంట్రా?" అంది పోలమ్మ.

నూకాలు వచ్చి, కట్టల్ని ఒక్కొక్కటే కొమ్ముతో ఎగరేసింది. దూదిలా లేచిన దాన్ని పోలమ్మ ముందు పెట్టింది. అది భగ్గున అంటుకుంది.

"ఇది నేను చేసింది," అంది నూకాలు. "మిగతావి ఈయనా, వాగూ కలిసి చేశారు."

ఆ సాయంత్రం తడి కట్టలన్నీ మళ్ళీ ఎండబెట్టడానికి కొండెక్కాయి, తవిటయ్య వీపు మీద. పోలమ్మ తీర్పు అది. ముందు సింహాద్రి ఖాళీగా నడుస్తున్నాడు. వాగు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, ఎంతో ప్రేమగా అడిగాడు:

"బాబూ, కాసేపు కూర్చుంటారా? చల్లగా ఉంటుంది."

నీతి: మోసం చెయ్యాలన్నా ముందు కాస్త మోత అలవాటుండాలి.