కానుకల పెట్టెల ఇల్లు

అనగనగా ఒక రాజ్యంలో దివాను భుజంగరాయుడు వీధిలోకి వస్తే, మీసాలు గుచ్చుకుంటాయని రెండు వైపులా ఇళ్లవాళ్లు తలుపులు వేసుకునేవారు. అంత పొడవు మీసాలు! "నేను ఎవరి దగ్గరా తమలపాకైనా పుచ్చుకోను" అని రాజుగారితో రోజూ చెప్పుకునేవాడు.

చెత్త ఏరుకునే గవరమ్మ, ఆయన పెరట్లోంచి పారేసిన అట్టపెట్టెల్లో మట్టి కూరి, ఇటుకల్లా పేర్చి, పైన సున్నం కలిపిన మట్టి మెత్తి ఇల్లు కట్టుకుంది. ఎంత గట్టిదనుకున్నారు! ఏనుగు వచ్చి ఒళ్లు రుద్దుకుంటే ఏనుగే అరిగిపోయింది.

రాజుగారి ఊరేగింపు ఆ దారినే వస్తోందని దివాను భటులతో దిగాడు. "ఈ చెత్త కొంప కూల్చేయండి!"

"కూల్చండి బాబయ్యా," అంది గవరమ్మ నిమ్మళంగా. "లోపలి పెట్టెలన్నీ వీధిన పడతాయి. ఇన్ని ఎక్కడివే అని రాజుగారు అడిగితే, తమరి పెరట్లోవని చెబుతాను. వాటిలో ఏమేం వచ్చాయో తమరే చెప్పుకోండి."

దివాను మీసాలు తటాలున వాలిపోయాయి.

"ఒరేయ్, గునపాలు దించండి! సున్నం తెండి! గోడ ఎక్కడా బీటవారకూడదు!"

ఆనాటి నుంచి నాలుగు చినుకులు పడితే చాలు, దివాను సున్నం కుండతో పరిగెత్తుకొచ్చేవాడు. గవరమ్మ అరుగు మీద కూర్చుని, "ఆ మూల కాస్త పలచగా ఉంది బాబయ్యా" అని చూపించేది.