మామిడిటెంకల అంబలి

కొండమీది గూడెంలో పోయిన వానాకాలం ముగ్గురు పిల్లలు వాంతులతో పోయారు. మళ్లీ వానలు దగ్గరపడ్డాయి. ఈసారి ఒక్కరూ పోకూడదని పంతం పట్టి, వైద్యం నేర్చుకుంటున్న చిదంబరం నెలరోజులు అక్కడి కొండరెడ్ల ఇళ్ల చుట్టూ కాళ్లరిగేలా తిరిగాడు. నోటుబుక్కు చూసి ఏమడిగినా వాళ్లది ఒకటే జవాబు, "ఆ, అంతేనయ్యా."

ఉసూరుమంటూ వచ్చి గురువు విశ్వపతి వైద్యుల ముందు కూలబడ్డాడు.

"మామిడిటెంకల అంబలే కొంప ముంచుతోందని నా అనుమానమండీ. మానెయ్యమంటే తలూపుతారు, మళ్లీ కాస్తారు. వాళ్లకి చెప్పడమూ రాదు, వినడమూ రాదు."

"అలాగా," అన్నాడు గురువు. "రేపు నేనూ వస్తాను పద."

డెబ్బై దాటిన మనిషి, ఆయాసపడుతూనే కొండెక్కాడు. గూడెంలో చిన్నక్క అనే ముసలామె వాకిట్లో టెంకలు పగలగొడుతోంది. పోయిన పిల్లల్లో ఒకడు ఆమె మనవడే. గురువు ఆమె పక్కన చతికిలబడి, శిష్యుడి చేతిలో నోటుబుక్కు తీసేసుకుని ఓ రాయి పెట్టాడు.

"కొట్టు."

చిదంబరానికి ఒళ్లు మండింది. ఇంత చదివింది ఇందుకా అనుకున్నాడు. అయినా కొట్టాడు. పొద్దు నెత్తిమీదికొచ్చేసరికి వేళ్లు బొబ్బలెక్కాయి. విసుగ్గా లోపలి పప్పంతా తీసి పక్కనున్న నీళ్లకుండలో పోయబోయాడు.

చిన్నక్క చప్పున చెయ్యి పట్టుకుంది. "అందులో కాదు బాబూ. పారే వాగులో మూడు రోజులు నానాలి."

"పోయినేడూ అలాగే నానేశారా?" అడిగాడు చిదంబరం.

ఆమె ముఖం పాలిపోయింది.

"రోడ్డుకని వాగుకి అడ్డంగా కట్ట పోశారు. నీళ్లు కదలడం మానేసి పచ్చబడ్డాయి. అందులోనే నానేశాం."

"ఈ మాట ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"ఏం తిన్నారని అడిగావు గానీ, ఎలా చేస్తారని అడగలేదుగా బాబూ."

కాసేపు ఏడ్చింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని లేచి నిలబడింది. "ఈ ఏడు కట్ట దాటి పైకెళ్లి, నీళ్లు పారేచోట నానేస్తాం. ఏ ఇంట్లో ఎవరికెలా ఉందో మేమే కనిపెట్టుకుని చూస్తాం."

కొండ దిగుతుంటే చిదంబరం కాళ్లు నేలమీద ఆనలేదు. "కారణం పట్టేశాను గురువుగారూ. ఇంటికెళ్లగానే రాసి పట్నం వైద్యులకి పంపిస్తాను."

గురువు నడక ఆపాడు.

"ఎవరు పట్టారన్నావు?"

చిదంబరం గురువు చేతిలోని నోటుబుక్కు తీసుకున్నాడు. చిన్నక్క మాటని ఆమె పేరుతోనే రాసుకోవడానికి వెనక్కి తిరిగి గూడెం దారి పట్టాడు.