పసుపు రాసిన తాడు

ముందు ఆ కాళ్ళు దుప్పట్లోకి లాక్కో, బుల్లీ. అప్పుడే మొదలుపెడతాను.

అనగనగా సముద్రం పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో ఏ వీధి పట్టుకున్నా చివరికి ఇసకలోకే తేలేది. అక్కడ అసిరమ్మ అని ఒకావిడ ఉండేది. వలలు లాగేవాళ్ళింట్లో పుట్టింది. నడక సరిగ్గా రాకముందే ఈత వచ్చేసింది. మొండితనం మాత్రం అచ్చం నీదే.

ఏటా మాఘ పౌర్ణమికి ఆ ఒడ్డున సముద్రస్నానాలు జరిగేవి. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆటోల్లో, ట్రాక్టర్ల మీద జనం వచ్చి దిగిపోయేవారు. ఒక ఏడు అందరూ స్నానాలు చేసి వెళ్ళిపోయాక ఇసకలో ఒక చెప్పుల జత మిగిలిపోయింది. చిన్న చెప్పులు. వాటిని వేసుకోవాల్సిన పిల్ల తిరిగి రాలేదు. ఇంకేం అడక్కు, ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాదు.

ఆ తర్వాత మున్సిపాలిటీ కమిషనరు గారు, ఇక ఇక్కడ స్నానాలే వద్దు, ఒడ్డు పొడుగునా కంచె వేసేయండి అన్నారు. ఊరంతా గొడవ గొడవ. అప్పుడు అసిరమ్మ వెళ్ళి ఆఫీసు గుమ్మంలో కూర్చుంది. పొమ్మన్నా పోలేదు. చివరికి ఆయనే బయటికి వచ్చి, ఏం కావాలమ్మా అని అడిగారు.

"కంచె వేస్తే జనం దాన్ని దాటుకుని, ఎవరూ చూడనప్పుడు దిగుతారు బాబూ. కాపలా నాకివ్వండి. వచ్చినోళ్ళందర్నీ తిరిగి ఇంటికి పంపే పూచీ నాది" అంది అసిరమ్మ.

ఆయన ఒప్పుకున్నారు. సరే, వచ్చే మాఘ పౌర్ణమి వరకు చూస్తాను, ఆ రోజు ఒక్కరికి ఏమైనా కంచె వేయించేస్తాను అన్నారు. అసిరమ్మ మెడలో ఒక ఈల వేసి పంపించారు.

ఆ ఒడ్డున ఒక దొంగ చోటుంది, బుల్లీ. అక్కడ అలలు విరగవు. నీళ్ళు నున్నగా, ఎంతో బుద్ధిగా కనిపిస్తాయి. పిల్లల్ని దింపడానికి ఇదే మంచి చోటు అనుకుంటారు అందరూ. కానీ ఒడ్డుకొచ్చిన నీళ్ళన్నీ అక్కణ్ణించే మళ్ళీ లోపలికి పారతాయి. పారుతూ పారుతూ మనిషిని కూడా లాక్కుపోతాయి.

మొదట మున్సిపాలిటీ వాళ్ళు అక్కడ ఒక పెద్ద బోర్డు పెట్టారు. 'ఇచ్చట స్నానము చేయుట నిషిద్ధము' అని రాయించారు. చదివినవాళ్ళెవరు? చాటు బాగుందని ఆడవాళ్ళు దాని వెనక చీరలు మార్చుకున్నారు. మగవాళ్ళు దాని మీద తువ్వాళ్ళు ఆరేశారు.

ఆ తర్వాత ఆ చోటుకి అటొకటి ఇటొకటి ఎర్ర జెండాలు పాతారు. ఎరుపంటే ప్రమాదమని వాళ్ళ ఉద్దేశం. మరి మనవాళ్ళకి ఎర్ర జెండా కనిపిస్తే ఏం గుర్తొస్తుంది? అమ్మవారు. తెల్లారేసరికి ఆ కర్రలకి పసుపు, కుంకుమ, వేపమండలు. గంగమ్మ తల్లి ఇక్కడ వెలిసింది, ఇక్కడ మునిగితేనే పుణ్యం అని ఊరంతా పాకిపోయింది. అందరికంటే ముందు పసుపు గిన్నె పట్టుకెళ్ళింది ఎవరనుకున్నావు? అసిరమ్మ అత్తగారు దానమ్మ.

ఆ దానమ్మకి కోడలి మెడలో ఈల కూడా నచ్చలేదు. ఆడది ఈలేస్తే ఇంటికి అరిష్టమని దాన్ని తీసి బియ్యం డబ్బాలో దాచేసింది. అసిరమ్మ ఇల్లంతా వెతుక్కుంది గానీ దొరకలేదు.

ఒక శుక్రవారం పొద్దున దానమ్మ జెండా దగ్గర కొబ్బరికాయ కొట్టి, కాళ్ళు తడుపుకుందామని నీళ్ళలోకి దిగింది. మోకాళ్ళ దాకా వెళ్ళిందో లేదో, కాళ్ళ కింద ఇసక జారిపోయింది. చూస్తుండగానే ఆవిడ తల ఎక్కడో లోపల తేలింది. ఒడ్డుకి రావాలని చేతులు కొట్టుకుంటోంది, అలిసిపోతోంది.

ఈల లేదు కదా, ఒడ్డున కాపలా ఉన్న అసిరమ్మ గొంతు చించుకుని అరిచింది. "అత్తా, ఒడ్డుకేసి ఈదకు! వెల్లకిలా తేలు. చెయ్యెత్తు. పక్కకి, పక్కకి రా!"

అప్పుడు మూత బిగించిన ఖాళీ డబ్బాకి తాడు కట్టి విసిరింది. మొదటిసారి అందలేదు. రెండోసారి అల వెనక్కి కొట్టేసింది. మూడోసారి దానమ్మ దాన్ని గుండెలకి కరుచుకుంది. పక్కకి, అలలు విరిగే చోటుకి, తాడు పట్టుకుని ఒడ్డున ఉన్నవాళ్ళందరూ లాగారు.

దానమ్మ ఉప్పు నీళ్ళు కక్కుకుని, వణుకుతూ, "తల్లి గుమ్మంలోకొస్తే తల్లే లాగేసిందేటే?" అంది.

గుమ్మం అన్న మాట అసిరమ్మ చెవిలో పడింది. జెండా కర్రలకేసి చూసింది. రెండూ నిలువుగా, పసుపు రాసి, బొట్లు పెట్టి, అచ్చం ద్వారబంధంలాగే ఉన్నాయి. లేనిదల్లా గడప ఒక్కటే.

"అత్తా, పసుపు రాసిన గడప ఎవరైనా తొక్కుతారా?" అని అడిగింది.

"ఛీ, తొక్కుతామా?" అంది దానమ్మ.

అంతే. అత్తాకోడళ్ళు లావుపాటి మోకు తెచ్చారు. రెండు జెండాల మధ్య పొడి ఇసక మీద కట్టారు. ఈ చివర నుంచి ఆ చివర దాకా పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. అప్పుడు అసిరమ్మ, అమ్మవారి పేరు చెప్పి ఎవర్నీ భయపెట్టొద్దు, లాగుడు సంగతి ఉన్నదున్నట్టు చెబుదాం అంది. దానమ్మ సరేనని ఇంటికెళ్ళి, బియ్యం డబ్బాలోంచి ఈల తీసుకొచ్చి, తన చేత్తోనే కోడలి మెడలో వేసింది.

పౌర్ణమి వచ్చింది. జనమే జనం. పసుపు తాడు చూసి ఎవరి కాళ్ళు వాళ్ళకే ఆగిపోయాయి. ఆగినవాళ్ళకి దానమ్మ తన కథంతా చెప్పింది, కొంచెం ఎక్కువే చెప్పిందిలే. అటుపక్క మంచి చోట అసిరమ్మ నిలబడి అందరికీ మూడే మాటలు చెప్పింది. నడుము దాటి వెళ్ళొద్దు. పిల్లల చెయ్యి వదలొద్దు. పొద్దు వాలితే నీళ్ళలో ఉండొద్దు. వినని వాళ్ళ మీద ఈల వేసింది. తాగొచ్చిన పెద్దమనిషిని చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించేసింది.

సాయంత్రం అందరూ వెళ్ళిపోయారు. అసిరమ్మ ఒడ్డంతా చూసుకుంటూ నడిచింది. పడవ పక్కన ఇసకలో ఒక చెప్పుల జత కనిపించింది. ఈల మీద ఈల వేసింది. పడవలవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. నడుం లోతు నీళ్ళలోకి దిగిపోయి కేకలు పెడుతోంది అసిరమ్మ.

అప్పుడు ఒడ్డు నుంచి దానమ్మ, "ఓసి పిల్లా, నీ కాళ్ళు చూసుకోవే" అంది.

అసిరమ్మ చూసుకుంది. ఉత్త కాళ్ళు. పొద్దున విప్పిన తన చెప్పులే అవి. అక్కడే ఇసకలో కూలబడి ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. దానమ్మ ఆ చెప్పులు తెచ్చి ముందు పెట్టి, లే, ఇంటికి పోదాం, అందరూ వెళ్ళిపోయారు అంది. కంచె మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

కళ్ళు మూసుకో, బుల్లీ. నాతోపాటు అను.

కథ కంచికి, అల కడలికి,
మిగిలిన చెప్పులు కాళ్ళలోకి,
వచ్చినవాళ్ళం వచ్చినట్టే
మనమందరం మన ఇంటికి.