దుమ్ము పడని పాదుకలు

రాజుగారి కొత్త కోట దగ్గర రాళ్లు చెక్కేవాళ్లంతా దగ్గుతున్నారు. అప్పటికే ఇద్దరు పోయారు. చెక్కేముందు రాయి తడపడానికి నీళ్లివ్వమని కంబగిరి అనే కూలీ అడిగాడు. పనుల అధికారి భూపతయ్య ముక్కుకు పట్టుగుడ్డ అడ్డం పెట్టుకుని, "రాతి దుమ్ముకు చచ్చినవాణ్ణి నేనెక్కడా చూళ్లేదురా" అన్నాడు.

రాజుగారు చూడవచ్చిన రోజు మాత్రం వంద కడవల నీళ్లు చల్లించాడు. రాయీ నేలా తడిసి దుమ్మన్నది లేవలేదు.

"ఇంత శుభ్రంగా ఉంటే ఈ దగ్గులేమిటి?" అన్నాడు రాజు.

కంబగిరి చేతులు కట్టుకున్నాడు. "దుమ్ముకు తమరంటే భయం ప్రభూ. తమరు లేనప్పుడే లేస్తుంది. తమ పాదుకలు ఇక్కడుంటే తమరున్నట్టే కదా."

రాజు పొంగిపోయాడు. పాదుకలు విడిచి, రాళ్ల మధ్య పీటమీద పెట్టించి, ఉత్తకాళ్లతో పల్లకి ఎక్కాడు. "వీటిమీద దుమ్ము పడిందో, నీ తల ఉండదు" అని భూపతయ్యకు చెప్పడం మరిచిపోలేదు.

మర్నాటి నుంచి రోజూ వంద కడవలు. ప్రతి రాయినీ భూపతయ్యే దగ్గరుండి తడిపించేవాడు. దగ్గులు తగ్గాయి. ఆ విధంగా ఆ రాజ్యంలో కూలీల ఊపిరితిత్తులకు రాజుగారి చెప్పులతో సమానమైన మర్యాద దక్కింది.