భల్లయ్య పొట్టలో చదరంగం

అనగా అనగా, మూడు కొండల నడుమ ఒక కోన. ఆ కోనకంతటికీ ఒకే ఒక్క ఊట. వానాకాలంలో ఆ ఊటని పలకరించేవారే ఉండరు. వేసవి వచ్చిందంటే మాత్రం అందరికీ అదే దిక్కు. ముందు తాగేవాళ్లకి తేట నీళ్లు, చివర తాగేవాళ్లకి బురద.

పూర్వం ఆ నీళ్ల కోసం కొమ్ములతో, కోరలతో పొడుచుకునేవారు. అలాంటి కొట్లాటలోనే తాబేలు మందరయ్య డిప్ప పగిలింది. ఆ పగులు ఇప్పటికీ ఉంది. వాన పడితే లోపలికి కారుతుంది కూడా.

చివరికి ఒక ముసలి గేదె అడ్డం పడింది. "నెత్తురు కలిసిన నీళ్లు ఎవరు తాగుతార్రా? చదరంగం ఆడండి. గెలిచినవాళ్ల వంశం ఆ వేసవంతా ముందు తాగుతుంది" అంది. అందరూ సరేనన్నారు. ఆటకి పెద్దగా మందరయ్యని కూర్చోబెట్టారు. అతను తొందరపడడు, పైగా పారిపోలేడు.

గేదె ఇంకో ఆచారం కూడా పెట్టింది. ఆట అయ్యాక గెలిచినవాడూ ఓడినవాడూ బల్ల దగ్గరే కూర్చుని, ఏ ఎత్తు ఎందుకు వేశారో మొదటినుంచీ చెప్పుకోవాలి. దానికి నెమరు అని పేరు. గేదె పెట్టిన ఆచారానికి ఇంకేం పేరు ఉంటుంది?

చాలా ఏళ్లు బాగానే గడిచాయి. తరవాత వడ్రంగిపిట్ట ఒక యంత్రం చేసింది. అడవిలో యంత్రమేమిటని అడక్కండి. తాబేలు తీర్పు చెబుతోందంటే ఊరుకున్నారు కదా, దీనికీ ఊరుకోండి.

ఆ యంత్రంలో రెండు ముక్కలు. పెద్ద ముక్క మీద పావులు పేరిస్తే, అన్నిటికన్నా మంచి ఎత్తు ఏదో రేగిపండంత చిన్న ముక్క గుర్రు గుర్రుమంటూ చెప్పేది. రెండు ముక్కలూ ఎంత దూరాన ఉన్నా సరే. తన పిల్లలకి ఆట నేర్పుకుందామని చేసుకుంది పాపం పిట్ట. దాన్ని అడిగి తీసుకెళ్లినవాళ్లు కొందరు, అడక్కుండా తీసుకెళ్లినవాళ్లు ఎందరో.

అక్కణ్ణుంచి మొదలయ్యాయి మందరయ్య కష్టాలు.

మొదటి ఏడు నెమలి గెలిచింది. గెలిచిన సంబరంలో పురి విప్పితే ఈకల్లోంచి చిన్న ముక్క టప్పున రాలింది. ఇకమీదట ఈకలు వెతకాలని నియమం రాశారు.

రెండో ఏడు కొండముచ్చు గెలిచింది. "భలే ఆడావు" అంటే "మ్మ్" అంది. "మాట్లాడవేం?" అంటే "మ్మ్" అంది. దవడ నొక్కితే బయటపడింది. ఇకమీదట నోళ్లు కూడా వెతకాలని నియమం రాశారు.

మూడో ఏటికి నియమాలతో తాటాకు నిండిపోయింది. ఆట రోజున మందరయ్య అందరికన్నా ముందు లేవాలి. గూడబాతు ముక్కు కింది సంచిలోకి తల దూర్చి చూడాలి. అందులో నిన్నటి చేపల వాసన. ఎలుగుబంటి బొచ్చు పాయలు పాయలుగా విడదీయాలి. ఈ వెతుకులాటకే సగం పొద్దు పోయేది కనుక, నెమరు మానేశారు. మానేశామని కూడా ఎవరికీ తోచలేదు.

మామూలుగా వేసవి ముదిరితే తాబేళ్లు బురదలోకి దిగి పడుకుంటాయి. మందరయ్య పడుకుని మూడు వేసవులైంది.

ఆ ఏడు చివరి ఆట సూదమ్మ అనే ముళ్లపందికీ, భల్లయ్య అనే ఎలుగుబంటికీ పడింది. మందరయ్య ముందుగా సూదమ్మ ముళ్లు ఒక్కొక్కటీ ఎత్తి చూశాడు.

"ఏం దొరికింది తాతా?" అంది సూదమ్మ.

"నా ముక్కుకి పోట్లు దొరికాయి. కదలకమ్మా."

"పోయినేడు మేమే ఆఖరు. ఆ బురద నీళ్లు తాగి మా చిన్నోడు పక్షం రోజులు లేవలేదు. మోసం చేసే బుద్ధే ఉంటే అప్పుడే చేద్దును కదా."

మందరయ్య ఆఖరి ముల్లు కూడా ఎత్తి చూశాడు. భల్లయ్య వైపు తిరిగి నోరు తెరవమన్నాడు.

"ఏం తిన్నావురా?"

"తేనె, తాతా."

నిజమే. కాకపోతే తేనెతో పాటు ఇంకొకటి కూడా మింగాడు. పెద్ద ముక్క ఏమో దూరంగా ఇప్పచెట్టు మీద, వాళ్ల బావమరిది ఒళ్లో ఉంది. అక్కణ్ణుంచి బల్లని చూస్తూ, ఇక్కడ జరిగిన పావునల్లా అక్కడ జరపడం అతని పని.

ఆట మొదలైంది. సూదమ్మ ఒక్కో ఎత్తుకీ గోళ్లు కొరుక్కుంది. భల్లయ్య తాపీగా కూర్చున్నాడు. పొట్ట గుర్రుమనడం, పావు జరపడం. "ఆకలేస్తోంది కాబోలు" అని జాలిపడ్డారు చుట్టూ ఉన్నవాళ్లు. మధ్యాహ్నం బాగా దాటేసరికి సూదమ్మ రాజుకి ఆటకట్టు అయింది.

అంతసేపూ బండ మీద కోరలు నూరుకుంటున్న అడవిపంది కోరయ్య లేచి నిలబడ్డాడు. "ఒక్క తప్పు ఎత్తయినా వేశాడా వీడు? మూడేళ్లుగా చూస్తున్నాం ఈ భాగోతం. ఆ పొట్ట కోసి చూద్దాం."

"కొయ్యి చూద్దాం" అంటూ ఎలుగుబంట్లన్నీ పంజాలు ఎత్తాయి.

మందరయ్య డిప్ప మీద పాత పగులు సలిపింది. ఈకలు అయ్యాయి, నోళ్లు అయ్యాయి, ఇప్పుడు పొట్టలు. రేపు ఎముకలు. ఆటని నమ్మకపోతే మళ్లీ కోరలే. కోప్పడదామనుకున్నాడు గానీ, దానికి కూడా ఓపిక మిగల్లేదు.

"కూర్చోండి" అన్నాడు. "నేనింకేం వెతకను. నా వల్ల కాదు. నెమరు వేద్దాం."

"నెమరంటే?" అన్నాయి కుర్రజింకలు. పెద్దవాళ్లు తలలు గోక్కుని, గుర్తు తెచ్చుకుని చెప్పారు.

మందరయ్య పావుల్ని వెనక్కి పేర్చాడు. "భల్లయ్యా, ఏడో ఎత్తులో ఏనుగుని అప్పనంగా వదిలేశావు. ఎందుకు?"

"వదలాలనిపించింది తాతా."

"నువ్వెందుకు తిన్నావమ్మా దాన్ని?"

"ఆశపడ్డాను తాతా" అంది సూదమ్మ. "ఇంత ఏనుగుని ఊరికే ఎవరిస్తారని తినేటప్పుడే అనుమానం వచ్చింది. అయినా తిన్నాను. దాంతో నా మంత్రికి దారి మూసుకుపోయింది."

మందరయ్య తలూపి, రెండో ప్రశ్న వేశాడు. "ఈ ఆటలో నీకు భయం ఎక్కడ వేసింది భల్లయ్యా?"

"నాకా? ఎక్కడా వేయలేదు."

"కూర్చుని చూస్తున్న నాకే రెండుసార్లు వేసిందిరా" అని గొణిగాడు కోరయ్య.

"నాకు మొదటి బంటు జరిపినప్పట్నుంచీ భయమే" అంది సూదమ్మ.

మందరయ్య ఇంకొన్ని పావులు జరిపాడు. "ఇదిగో, ఇక్కడ సూదమ్మ గుర్రాన్ని దూకించింది. అలా కాక, ఈ బంటుని జరిపి ఉంటే నువ్వేం చేసేవాడివి? తీరిగ్గానే చెప్పు."

భల్లయ్య ఆగాడు. చాలాసేపు ఆగాడు. గెలిచేశాం కదా అని బావమరిది పెద్ద ముక్కని కొమ్మకి తగిలించి, ఇప్పపూలు తినడానికి దిగిపోయిన సంగతి అతనికి తెలీదు. చుట్టూ అందరూ బల్లవైపు చూస్తుంటే, భల్లయ్య ఒక్కడే తన పొట్టవైపు చూసుకున్నాడు. మెల్లగా తట్టాడు. తల వంచి చెవి ఒగ్గాడు.

"ఏమంటోంది?" అన్నాడు మందరయ్య, నెమ్మదిగా.

"ఇంకా ఏమీ అన్లేదు తాతా" అనేసి, నాలుక కరుచుకున్నాడు భల్లయ్య.

ఎలుగుబంట్ల పంజాలు వాటంతటవే కిందికి దిగాయి. కోరయ్య కూడా కూర్చున్నాడు.

"మా పిల్లలకీ దాహమే తాతా" అన్నాడు భల్లయ్య, నేల చూపులు చూస్తూ.

"తెలుసురా. అందరికీ దాహమే. అందుకేగా ఆట పెట్టుకున్నాం."

ఆ వేసవి ముళ్లపందులు ముందు తాగాయి, ఎలుగుబంట్లు చివర తాగాయి. నియమాల తాటాకుని మేకకి మేతగా వేశారు. చిన్నోడి చేత తేట నీళ్లు తాగించి సూదమ్మ మళ్లీ బల్ల దగ్గరికే వచ్చింది.

"ఆ బంటు జరిపి ఉంటే ఏమయ్యేది తాతా?"

"నాకూ తెలీదమ్మా. కూర్చో, చూద్దాం."

కాసేపటికి, ఎవరూ పిలవకుండానే, భల్లయ్య కూడా ఒక పక్కగా వచ్చి తల దూర్చాడు. ఎవరూ పొమ్మనలేదు.

పొద్దు వాలుతుంటే మందరయ్య బురదలోకి దిగాడు. కాళ్లు మునిగాయి, డిప్ప మునిగింది. తల ముంచబోతుండగా పైనుంచి కొండముచ్చు గొంతు వినబడింది.

"పిట్టా, ఎత్తు ఎందుకు వేశామో కూడా చెప్పే యంత్రం చేయగలవా?"

మందరయ్య ఒక కన్ను తెరిచాడు. మళ్లీ మూశాడు. "లేచాక చూద్దాం" అనుకుని తల ముంచేశాడు. మన కథ కూడా అలిసిపోయి, అతని పక్కనే పడుకుంది.

నీతి: సొంత బుర్రతో ఆడి ఓడినవాడికి చెప్పుకోవడానికి ఆటయినా మిగులుతుంది, అరువు బుర్రతో గెలిచినవాడికి అదీ మిగలదు.